ఒంటిచక్రం మీద నడివయసు

ఒకే చక్రానికి రెండు పక్కలా ఉన్న పెడళ్ల (పాదాలు పెట్టే పలకల) మీద నిలబడి నడిపే ఎలక్ట్రిక్ యూనిసైకిల్ దానంతట అదే పడకుండా ఉంటుందన్న మాట సగమే నిజం. ముందుకు, వెనక్కు పడిపోకుండా మాత్రమే యంత్రం చూసుకుంటుంది. ఎడమకో కుడికో ఒరిగిపోకుండా చూసుకోవలసింది దాని మీద నిలబడ్డ మనిషే. ఈ పని పంపకం తెలియకుండా బండి కొన్నవారు మొదటి రోజే కంగు తింటారు. వయసు నలభై అయిదు దాటినవారైతే ‘ఈ వయసులో మనకెందుకులే’ అని దాన్ని అటకెక్కిస్తారు. తప్పు వయసుదని తీర్మానం కూడా అయిపోతుంది. నిజానికి చాలామంది విషయంలో జరిగేది వేరు: యంత్రం చేస్తుందనుకున్న పనిని తమ శరీరానికి నేర్పే అవకాశమే వారు ఇవ్వలేదు.

ముందుగా యంత్రం తన సగాన్ని ఎలా చేస్తుందో చూడాలి. మోటారు చక్రం మధ్యలోనే ఉంటుంది. చుట్టూ ఉన్న డొప్పలో బ్యాటరీలు, కంట్రోలర్ బోర్డు ఉంటాయి. బోర్డు మీది జైరోస్కోపు, యాక్సిలరోమీటరు బండి ఎంత కోణంలో వంగిందో సెకనుకు వందల సార్లు కొలుస్తుంటాయి. మనిషి ముందుకు వాలగానే పెడళ్లు ముందుకు వంగబోతాయి. ఆ వంపును పసిగట్టి మోటారు చక్రాన్ని ముందుకు నడిపి, మళ్లీ మనిషి బరువు కిందికి తెస్తుంది. వెనక్కు వాలితే చక్రం నెమ్మదిస్తుంది. ఆ సమయంలో మోటారే జనరేటరుగా మారి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. హ్యాండిలు లేదు, బ్రేకు లేదు, యాక్సిలరేటరు లేదు. 2001లో అమెరికా ఆవిష్కర్త డీన్ కేమెన్ ప్రపంచానికి చూపించిన సెగ్వే అనే నిలబడి నడిపే బండిలో రెండు చక్రాలతో పని చేసిన సూత్రమే ఇది. దాన్ని ఒక్క చక్రానికి కుదించి, సోలోవీల్ పేరుతో 2011లో బజారుకు తెచ్చినవాడు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన షేన్ చెన్. ఆ తరువాత ఇన్‌మోషన్, కింగ్‌సాంగ్, బెగోడే వంటి చైనా కంపెనీలు ఈ బండ్లను పెద్దవిగా, వేగవంతమైనవిగా తయారుచేశాయి.

పక్కలకు ఒరగడం సంగతి వేరు. అటు తోసే మోటారు ఏదీ ఇందులో లేదు. నేల మీద దొర్లించిన రూపాయి బిళ్ల వేగంగా వెళ్తున్నంతసేపు నిటారుగా ఉంటుంది, ఒరిగితే ఒరిగిన పక్కకే తిరుగుతుంది, వేగం తగ్గేకొద్దీ ఊగిసలాడి పడిపోతుంది. ఒంటిచక్రం బండి కూడా ఒరిగిన పక్కకే వంపు తిరుగుతుంది. ఆ వంపులోనే చక్రం మళ్లీ మనిషి బరువు కిందికి చేరుతుంది. అంటే పక్క సంతులనానికి వేగం కావాలి. నేర్చుకునేవారికి మొదటి చిక్కు ఇక్కడే. భయం వల్ల ఎవరైనా నెమ్మదిగా మొదలుపెడతారు. నెమ్మదిగా నడపడమేమో ఈ బండి మీద అన్నిటికంటే కష్టమైన విద్య. గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగంలో అటూ ఇటూ కొట్టుకుపోయిన మనిషికే, నడకను కాస్త మించి 8, 10 కిలోమీటర్ల దాకా వెళ్లగానే బండి లొంగినట్లు అనిపిస్తుంది. నైపుణ్యం ఆ క్షణంలో పెరిగిపోలేదు. అప్పటిదాకా లేని సాయం చక్రం నుంచి అందింది.

రాయలసీమలో ఇప్పుడు యాభైలలో ఉన్నవారిలో చాలామంది చిన్నప్పుడు అద్దె సైకిలు మీద తొక్కడం నేర్చుకున్నవారే. ఆ అనుభవం ఇక్కడ కొంత ఉపయోగపడుతుంది, కొంత అడ్డం వస్తుంది. సైకిలు ఒరిగిన పక్కకు హ్యాండిలు తిప్పాలన్న తెలివి వారి చేతుల్లో పాతుకుపోయింది. ఇక్కడ చేతులకు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ పని నడుముకు, మడమలకు బదిలీ కావాలి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు పై శరీరాన్ని ఒకవైపు తిప్పితే కింద చక్రం రెండోవైపు మెలి తిరుగుతుంది. కొత్తవారు చేతులు గాలిలో ఊపుతూ కనిపించేది ఇందుకే. చూసేవారికి అది తడబాటులా ఉంటుంది కాని, సంతులనం కోసం శరీరం తనంతట తాను కనిపెట్టుకున్న సరైన ఉపాయం అది. దాన్ని ఆపమని చెప్పకూడదు.

వయసు తీసుకునేది, వదిలేసేది

నడివయసులో శరీరం కొంత కోల్పోతుందన్నది నిజం. ముప్పై దాటాక కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతుందని వైద్యుల అంచనా. చురుకుగా స్పందించే కండర పోగులు ముందుగా తగ్గుతాయి. చెవి లోపలి సంతులన అవయవంలో కదలికను పసిగట్టే సూక్ష్మమైన కేశ కణాలు కూడా వయసుతో పాటు తరుగుతాయి. అయితే ఈ నష్టం ఎప్పుడు, ఎంత అన్నదే ముఖ్యం. 2022లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ప్రచురితమైంది. 51 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 1,702 మందిని ఒంటి కాలి మీద 10 సెకన్లు నిలబడమన్నారు. 71 దాటినవారిలో సగానికి పైగా నిలబడలేకపోయారు. 51 నుంచి 55 ఏళ్లవారిలో విఫలమైనవారు దాదాపు 5 శాతమే. యాభైల ఆరంభానికే సంతులనం పోతుందన్న అపోహకు ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

కొత్త విద్య పట్టుబడుతుందా అన్నది మరో ప్రశ్న. 2008లో జర్మన్ పరిశోధకులు సగటున 60 ఏళ్ల వయసున్న కొందరికి మూడు నెలల పాటు మూడు బంతులు ఎగరేసి పట్టుకోవడం నేర్పించారు. ఇరవైల్లో ఉన్నవారంత బాగా రాలేదు కాని, వచ్చింది. విద్య పట్టుబడినవారి మెదడు స్కానింగుల్లో కొన్ని భాగాల్లో బూడిద పదార్థం పెరిగినట్లు కూడా కనిపించింది. సాధన ఆపాక ఆ పెరుగుదల తగ్గింది. నేర్చుకునే శక్తి ఆరిపోదు, నిదానిస్తుంది.

మరి నడివయసువారు ఎక్కువగా వెనుదిరగడానికి కారణం ఏమిటి? పడితే చెల్లించాల్సిన ధర వారికి తెలుసు. పదిహేనేళ్ల పిల్లవాడు పడి లేచి దులుపుకుంటాడు. యాభై ఏళ్ల మనిషికి మణికట్టు విరిగితే ఆరు వారాల కట్టు, ఆగిపోయే దుకాణం, ఇంట్లోవారి మాటలు అన్నీ ఒక్కసారే కళ్ల ముందు కదులుతాయి. ఈ భయం పూర్తిగా న్యాయమైనదే. కాని దాని ఫలితం మోకాళ్ల మీద పడుతుంది. భయపడిన శరీరం బిగుసుకుంటుంది, మోకాళ్లు కర్రల్లా నిలుస్తాయి, చూపు చక్రం ముందున్న నేల మీదికి దిగుతుంది. బిగిసిన మోకాళ్ల గుండా ప్రతి గులకరాయి కుదుపూ నడుముకు, తలకు చేరి సంతులనాన్ని చెదరగొడుతుంది. పడతామన్న భయమే పడే అవకాశాన్ని పెంచుతుంది. అందుకే ధైర్యం చెప్పడం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. పడినా దెబ్బ తగలని ఏర్పాటు ముందు చేస్తే మోకాళ్లు వాటంతట అవే వదులవుతాయి.

నడివయసుకే ప్రత్యేకమైన మరికొన్ని విషయాలను నేర్పేవారు సాధారణంగా పట్టించుకోరు. కళ్లద్దాలు వాటిలో మొదటివి. చదవడానికి, దూరానికి కలిపి ఒకే అద్దంలో పవరు ఉన్నవారికి అద్దం కింది భాగం దగ్గరి చూపు కోసం తయారైంది. దానిలోంచి కిందికి చూస్తే నేల మసకగా, ఎత్తుపల్లాలు తారుమారుగా కనిపిస్తాయి. సాధన వేళ దూరపు చూపుకు మాత్రమే పనికొచ్చే అద్దాలు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. రెండోది మధుమేహం. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేనివారికి అరికాళ్లలో స్పర్శ మందగిస్తుంది. ఈ బండికి మాట చెప్పేది అరికాలే. బరువు మునివేళ్ల మీద ఉందా, మడమ మీద ఉందా అన్నది అక్కడే తెలియాలి. కాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉన్నవారు ముందు వైద్యుణ్ణి కలవాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, తల తిరిగే జబ్బు ఉన్నవారు కూడా అంతే.

అనంతపురం ప్రాంతంలో మరో మాట చేర్చాలి. ఇక్కడి ఎన్నో పల్లెల్లో బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీరు తాగి పెరిగినవారిలో కొందరికి వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఎక్స్‌రేలో ఎముక చిక్కగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేనివారు, మెడ తిప్పడానికి ఇబ్బందిపడేవారు ఈ బండి జోలికి వెళ్లకముందు ఎముకల డాక్టరుకు చూపించుకోవడం మంచిది. నెలసరి ఆగిన స్త్రీలకు ఎముకల సాంద్రత వేగంగా తగ్గుతుంది కనుక వారికీ ఇదే సలహా.

సాధన

నేర్చుకునేవారికి తేలికపాటి బండి కావాలి. చక్రం 16 అంగుళాలు, బరువు 14 కిలోల లోపు ఉన్నవి దొరుకుతాయి. పెద్ద చక్రం, పెద్ద బ్యాటరీ ఉన్నవి 35, 40 కిలోల దాకా తూగుతాయి. సాధనలో బండి పదే పదే పడిపోతుంది. పడినప్పుడల్లా వంగి ఎత్తాలి. 40 కిలోల బండిని ఉదయమంతా ఎత్తిన నడుము మర్నాడు లేవనివ్వదు. ‘ఎలాగూ కొంటున్నాం, పెద్దదే కొందాం’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

మొదటి మెట్టు బండి మీద కాదు, బండి పక్కన. ఒక పాదం పెడలు మీద పెట్టి, పిక్కను బండి డొప్పకు ఆనించి, రెండో కాలు నేల మీద ఉంచి నిలబడటం, తరువాత నేల మీది కాలితో తోసుకుంటూ చిన్న గుండ్రాలు తిరగడం. చాలామంది దీన్ని అవమానంగా భావించి దాటేస్తారు. పక్కకు ఒరిగిన బండి ఎటు తిరుగుతుందో పాదానికి తెలిసేది ఈ గుండ్రాల్లోనే. రెండు కాళ్లతో సమంగా చేయాలి. దీని తరువాత గోడ లేదా కమ్మీ పట్టుకుని రెండు పాదాలూ పెట్టి నిలబడవచ్చు. కాని గోడ దగ్గర ఎక్కువ కాలం ఉండకూడదు. చేయి ఆనిన పక్కకు శరీరం బరువు వాల్చడం అలవాటైతే, చేయి తీయగానే అటే పడతారు. ఇద్దరు మనుషుల భుజాలు పట్టుకోవడం కంటే ఒక్కరి చేతిని తేలికగా తాకుతూ వెళ్లడం మేలు. తరువాతి మెట్టు వదిలేయడం. నేల మీది కాలితో ఒక్క తోపు, రెండో పాదం పెడలు మీదికి, చూపు ఇరవై ముప్పై అడుగుల దూరంలోని చెట్టు మీదికి, కాస్త వేగం. పాదం పెడలు మీద సరిగ్గా కుదరలేదని కిందికి చూసి సర్దుకోబోతే పని చెడుతుంది. వంకరగా పెట్టిన పాదంతోనే నాలుగు గజాలు వెళ్లి దిగి, మళ్లీ ఎక్కాలి.

బండి డొప్ప రాసుకుని మొదటి వారం పిక్కల లోపలి పక్క నల్లగా కమిలిపోతుంది. మందపాటి పొడవు మేజోళ్లు, లేదా లోపల చుట్టిన గుడ్డ పట్టీ ఈ బాధను చాలావరకు తగ్గిస్తాయి. పాదాలు తిమ్మిరెక్కడం కూడా మామూలే. బిగుసుకున్న వేళ్లతో పెడలును పట్టుకోవాలని చూడటం దానికి కారణం.

ఎంతసేపు సాధన చేయాలన్న దగ్గర పెద్దలు తప్పటడుగు వేస్తారు. ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు కుస్తీ పట్టడం కంటే, రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు మేలు. చేతులు, కాళ్లు నేర్చుకున్న కదలికలను మెదడు నిద్రలో స్థిరపరుస్తుంది. నిన్న సాయంత్రం ఎంతకీ కుదరనిది ఈ ఉదయం మొదటి ప్రయత్నంలోనే రావడం ఈ సాధనలో తరచు కనిపిస్తుంది. పైగా అలసిన కాలు భయపడ్డ కాలి కంటే ప్రమాదం. మోకాళ్లు వణకడం మొదలైన నిమిషానే ఆపేయాలి. నడివయసువారికి ఒక సహజమైన అనుకూలత ఉంది: దీన్ని ఎవరికో చూపించుకోవాలన్న తొందర వారికి తక్కువ. ఆ నిదానాన్ని రోజువారీ అలవాటుగా మార్చుకుంటే, మొత్తం కలిపి కొన్ని గంటల సాధనతోనే సూటిగా వెళ్లడం, ఒక వంపు తిరగడం చాలామందికి వస్తాయి.

చోటు విషయంలో అనంతపురానికి మంచీ ఉంది, చెడ్డా ఉంది. వానలు తక్కువ కనుక ఏడాదిలో ఎక్కువ రోజులు నేల పొడిగా దొరుకుతుంది. ఇంటి ముందు పరిచిన నాపరాళ్ల మీద మొదలుపెట్టడం చాలామంది చేసే పని. వాకిలి కడిగిన తడి మీద టైరు జారుతుంది, చుట్టూ అరుగుల అంచులు ఉంటాయి. అది తగిన చోటు కాదు. మైదానాల్లోని ఎర్రమట్టి పైకి గట్టిగా కనిపించినా, మీద పేరుకున్న సన్న గరుసు టైరును పట్టు తప్పిస్తుంది. కళాశాలల ఆవరణల్లో ఉండే వెడల్పాటి సిమెంటు దారి అన్నిటికంటే మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాలు అనువైన కాలం. ఎండాకాలంలో తెల్లవారుజామున తప్ప వీలు కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే పడమటి గాలిని తేలికగా తీసుకోకూడదు. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలి అది. హ్యాండిలు లేకుండా నిటారుగా నిలబడ్డ మనిషిని పక్క నుంచి ఒక్క విసురు చాలు దారి తప్పించడానికి.

ఉదయపు నడకకు వచ్చేవారంతా చూస్తుంటారన్న బిడియం చాలామందిని, ముఖ్యంగా స్త్రీలను, ఇంట్లోనే ఆపేస్తుంది. ఈ ఊళ్లలో యాభై ఏళ్ల స్త్రీ మైదానంలో పడి లేవడాన్ని తప్పుగా చూసే కళ్లు ఇంకా ఉన్నాయి. చీరతో ఈ బండి ఎక్కలేరు. చక్రం రెండు కాళ్ల మధ్య తిరుగుతుంది కనుక కుచ్చెళ్లు, చున్నీ కొంగు చిక్కుకునే ప్రమాదం ఉంది. కాళ్లకు అతికినట్లుండే ప్యాంటు, పొట్టి కుర్తా కావాలి. ఇద్దరు ముగ్గురు స్త్రీలు కలిసి ఒకే బండి మీద వంతులవారీగా నేర్చుకుంటే బిడియం సగం తగ్గుతుంది, వంతుల మధ్య విశ్రాంతీ దొరుకుతుంది.

రక్షణ సామగ్రిలో తలకు హెల్మెట్ సంగతి అందరికీ తెలుసు. మర్చిపోయేది మణికట్టు. ముందుకు పడే మనిషి అసంకల్పితంగా చేతులు చాపుతాడు, అరచేయి నేలకు తగిలి మణికట్టు దగ్గర ఎముక విరుగుతుంది. లోపల గట్టి పలక ఉన్న మణికట్టు కవచం ఉంటే చేయి నేల మీద జారి దెబ్బ చెదిరిపోతుంది. మోకాలి కవచాలు, మోచేతి కవచాలు తప్పనిసరి. వేగం 25 కిలోమీటర్లు దాటే రోజు వస్తే గడ్డాన్ని కూడా కప్పే హెల్మెట్ కావాలి, ఎందుకంటే ఈ బండి మీది నుంచి పడేది ఎక్కువగా ముఖం ముందుకే.

నేర్చుకున్న తరువాతి ప్రమాదం

అసలైన అపాయం సాధన రోజుల్లో కంటే, వచ్చేసిందని నమ్మకం కుదిరిన తరువాతి నెలల్లో ఎక్కువ. నెమ్మదిగా వెళ్తూ పడేవారు తమ సగం తప్పి పడతారు, రెండడుగులు పరుగెత్తి నిలదొక్కుకుంటారు. వేగంలో పడేది యంత్రం సగం తప్పినప్పుడు. అప్పుడు పరుగెత్తి తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు.

యంత్రం ఎందుకు తప్పుతుంది? మోటారు వేగంగా తిరిగేకొద్దీ తనలోనే ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. బ్యాటరీ వోల్టేజీలో ఈ ఎదురు వోల్టేజీ పోగా మిగిలినదే మనిషిని నిలబెట్టడానికి పనికొస్తుంది. వేగం పెరిగితే ఆ మిగులు తగ్గుతుంది; ఛార్జింగు తగ్గేకొద్దీ బ్యాటరీ వోల్టేజీయే పడిపోయి మిగులు ఇంకా తగ్గుతుంది. అప్పుడు ఒక గుంత, ఒక స్పీడ్ బ్రేకరు, ఎదురుగాలి అదనపు బలం అడిగితే ఇవ్వడానికి మోటారు దగ్గర ఏమీ ఉండదు. పెడళ్లు ముందుకు ఒరిగిపోతాయి, మనిషి ఎగిరిపడతాడు. హద్దు దగ్గరకు రాగానే బండి కూత పెడుతుంది, పెడళ్లను వెనక్కు ఎత్తి మనిషిని నెమ్మదించమంటుంది. కూతను సతాయింపుగా భావించి సెట్టింగుల్లో ఆపేసేవారున్నారు. అంతకంటే ప్రమాదకరమైన పని ఈ బండి విషయంలో మరొకటి లేదు. శరీరం బరువు ఎక్కువైతే మిగులు ఇంకా త్వరగా కరుగుతుంది. ఛార్జింగు మూడో వంతుకు తగ్గాక వేగం తగ్గించుకుని ఇంటిముఖం పట్టడం మంచి అలవాటు.

దీనికి వ్యతిరేకమైన చిక్కు కనుమ దారుల్లో వస్తుంది. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు కనుమ లాంటి చోట నిండుగా ఛార్జి చేసిన బండితో దిగితే, బ్రేకు వేసినప్పుడు పుట్టే విద్యుత్తుకు బ్యాటరీలో చోటుండదు. వోల్టేజీ హద్దు మీరకుండా బండి ఆపమని హెచ్చరిస్తుంది, పట్టించుకోకపోతే సంతులనమే పోవచ్చు. కనుమ దిగే బండి బ్యాటరీని కావాలనే కొంత ఖాళీగా ఉంచాలి.

ఎండ సంగతి ఈ జిల్లాలవారికి చెప్పనక్కర్లేదు కాని, బ్యాటరీ సంగతి చెప్పాలి. లిథియం అయాన్ సెల్లులను సాధారణంగా 45 డిగ్రీల లోపు వేడిలోనే ఛార్జి చేయాలి. మే నెలలో మధ్యాహ్నం తిరిగొచ్చిన బండిని వెంటనే ప్లగ్గుకు తగిలిస్తే డొప్పలో వేడి ఆ హద్దును సులువుగా దాటుతుంది. నీడలో గంటా రెండు గంటలు చల్లారనిచ్చి, మనుషులు మెలకువగా ఉన్న వేళ ఛార్జి పెట్టాలి.

ఇక పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు. టైరులో గాలి ట్యూబే ఉంటుంది కాని, చక్రం విప్పాలంటే డొప్పంతా ఊడదీయాలి, మోటారు తీగలు తప్పించాలి. వీధి చివరి పంచరు దుకాణంలో అయ్యే పని కాదు. ముందుగానే ట్యూబులో పంచరు పూడ్చే ద్రవం పోయించుకుంటే చిన్న ముళ్ల బెడద చాలావరకు తీరుతుంది.

రోడ్డు ఎక్కవచ్చా అన్న ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదించిన బ్యాటరీ బండ్లకు మాత్రమే మోటారు వాహనం అన్న నిర్వచనం నుంచి మినహాయింపు ఉంది. ఈ ఒంటిచక్రం బండ్లలో ఎక్కువ వాటి మోటార్లు 800 వాట్ల పైమాటే. మినహాయింపు లేదు, రిజిస్ట్రేషన్ జరగదు, రిజిస్ట్రేషన్ లేని బండికి మోటారు బీమా రాదు. 44వ నంబరు జాతీయ రహదారి మీదనో, అనంతపురంలోని సప్తగిరి సర్కిల్ రద్దీలోనో ఎవరినైనా గుద్దితే పరిహారమంతా నడిపిన మనిషి జేబులోంచే పోవాలి. కనుక ప్రస్తుతానికి దీని చోటు గేట్ల లోపలే: అనుమతి ఇచ్చిన కళాశాలలు, ప్రైవేటు లేఅవుట్లు, సొంత తోటల దారులు. ఆర్ట్స్ కళాశాల, జేఎన్‌టీయూ వంటి విశాలమైన ఆవరణలున్న సంస్థలు నడిచేవారి దారికి ఎడంగా ఒక సిమెంటు దారిని ఉదయం గంట సేపు ఇలాంటి సాధనకు విడిచిపెడితే, నేర్చుకునేవారు రోడ్ల మీదికి రావలసిన అవసరం తప్పుతుంది. అందుకు కావలసింది ఒక బోర్డు, ఒక నిర్ణీత వేళ, హెల్మెట్, మణికట్టు కవచం లేనివారిని లోపలికి రానివ్వని ఒక కాపలాదారు.